ఇది నిజంగా ఆయన వాయించిన గిటారేనా? పాత ఎలక్ట్రిక్ గిటార్‌ను పరీక్షించే పద్ధతి

ప్రసిద్ధుడైన రాక్ కళాకారుడు వాయించిన పాత ఎలక్ట్రిక్ గిటార్ అంటూ ఒకటి అమ్మకానికి వచ్చినప్పుడు, అందులో రెండు వేర్వేరు వాదనలు కలిసి ఉంటాయి. ఆ గిటార్ ఫలానా సంవత్సరంలో ఫలానా ఫ్యాక్టరీలో తయారైందన్నది మొదటిది. దాన్ని ఫలానా కళాకారుడు ఫలానా కాలంలో వాయించాడన్నది రెండవది. అమ్మేవారు రెండింటినీ ఒక్క గుక్కలో చెబుతారు కనుక, మొదటిది నిజమని తేలగానే రెండవది కూడా తేలిపోయినట్టే కొనేవారికి అనిపిస్తుంది. కానీ 1961లో కాలిఫోర్నియాలోని ఫులర్టన్‌లో ఫెండర్ సంస్థ తయారుచేసిన స్ట్రాటోకాస్టర్ అనే నమూనా గిటార్లు ఇప్పటికీ ఎన్నో మిగిలి ఉన్నాయి. వాటిలో ఐర్లండ్ కళాకారుడు రోరీ గాలగర్ 1963లో కార్క్ నగరంలోని క్రౌలీ దుకాణంలో 100 పౌండ్లకు కొనుక్కుని జీవితాంతం వాయించినది ఒక్కటే. ఆ ఒక్కటి 2024 అక్టోబరులో బోనమ్స్ వేలంలో 8,89,400 పౌండ్లు పలికి, ఐర్లండ్ జాతీయ మ్యూజియానికి చేరింది. అదే ఏడాది తయారైన మరో స్ట్రాటోకాస్టర్‌కు, దీనికి ధరలో ఉన్న తేడా అంతా రెండవ వాదన తెచ్చిపెట్టినదే. అందువల్ల పరీక్షించేవారు రెండు వాదనలకూ రెండు వేర్వేరు కాగితాలు తీసుకుని, ఒకదాని రుజువును రెండవదాని ఖాతాలో వేయకుండా పని మొదలుపెట్టాలి.

ఈ రెండు వాదనలకు కావలసిన రుజువులు కొన్నిసార్లు ఒకదానికొకటి ఎదురు తిరుగుతాయి కూడా. మామూలు పాత గిటార్ కొనేవారు ఏ భాగమూ మారకుండా, టంకం కూడా ఫ్యాక్టరీలో వేసినదే ఉండాలని కోరుకుంటారు. ప్రసిద్ధుల గిటార్లు అలా ఉండడం అరుదు, ఎందుకంటే అవి పనిముట్లుగా బతికినవి. ఎరిక్ క్లాప్టన్ 1970లో నాష్‌విల్‌లోని షో-బడ్ దుకాణంలో పాత స్ట్రాటోకాస్టర్లు ఆరు కొని, మూడింటిని స్నేహితులైన జార్జ్ హారిసన్, పీట్ టౌన్‌షెండ్, స్టీవ్ విన్‌వుడ్‌లకు ఇచ్చేసి, మిగిలిన మూడింటిలోని మంచి భాగాలను కలిపి 'బ్లాకీ' అనే గిటార్‌ను కూర్చుకున్నాడు. మరొకరి పేరుతో అదే గిటార్ బజారుకు వస్తే, నెక్‌కూ (వేళ్లతో తీగలు నొక్కే పొడవైన మెడ భాగం) బాడీకీ సంవత్సరాలు కలవడం లేదని నిపుణులు పక్కన పెట్టేవారు. క్లాప్టన్ పేరుతో వచ్చింది కనుక 2004లో క్రిస్టీస్ వేలంలో 9,59,500 డాలర్లకు అమ్ముడైంది. పింక్ ఫ్లాయిడ్‌కు చెందిన డేవిడ్ గిల్మర్ నల్ల స్ట్రాటోకాస్టర్‌లో అయితే మార్పులకు అంతే లేదు. నెక్‌లు మారాయి, పికప్‌లు (తీగల కంపనాన్ని విద్యుత్ సంకేతంగా మార్చే భాగాలు) మారాయి, బాడీకి రంధ్రం వేసి మళ్లీ పూడ్చారు, 1974లో తెల్ల పిక్‌గార్డ్ (బాడీ ముందువైపు గీతలు పడకుండా బిగించే పలక) పోయి నల్లది వచ్చింది. ఆయన దగ్గర దీర్ఘకాలం టెక్నీషియన్‌గా పనిచేసిన ఫిల్ టేలర్ ఆ మార్పులను వివరంగా నమోదు చేసి పెట్టారు. 2019 జూన్‌లో ఆ గిటార్ 39,75,000 డాలర్లకు అమ్ముడుపోయినప్పుడు ఆ మార్పులు లోపాలుగా లెక్కకు రాలేదు, గుర్తింపు చిహ్నాలుగా లెక్కకు వచ్చాయి. కాబట్టి మారిన భాగం కనిపించగానే నకిలీ అని తేల్చడం తొందరపాటు. ఆ మార్పు ఎప్పుడు జరిగిందో, ఆ కళాకారుడి ఫోటోల్లో అదే కాలంలో కనిపిస్తున్నదో లేదో చూడటమే సరైన పద్ధతి.

ఫోటోలతో మొదలుపెట్టాలి

గిటార్‌ను చేతిలోకి తీసుకునే ముందే ఫోటోల పని పూర్తి కావాలి, ఎందుకంటే వస్తువును ముందు చూస్తే కళ్లు ఆ తరువాత ఫోటోల్లో పోలికలనే వెతుక్కుంటాయి. ఆ కళాకారుడు ఆ గిటార్‌తో కనిపించే ఫోటోలను, కచేరీ వీడియోలను తేదీల వారీగా పేర్చుకోవాలి. తేదీ తెలియని ఫోటోను పక్కన ఉంచాలి. అది అందంగా ఉన్నంత మాత్రాన సాక్ష్యంగా పనికిరాదు.

అన్నింటికన్నా బలమైన గుర్తు చెక్కలోని సహజ రేఖలు. ఏ రెండు చెక్క ముక్కలకూ ఒకే రేఖలు ఉండవు కనుక అవి మనిషి వేలిముద్రల్లాంటివి. 1958 నుంచి 1960 వరకు గిబ్సన్ సంస్థ తయారుచేసిన సన్‌బర్స్ట్ (మధ్యలో లేతగా, అంచుల్లో ముదురుగా ఉండే రంగు) లెస్ పాల్ గిటార్ల ముందుభాగంలోని మేపుల్ చెక్కలో ఈ రేఖలు చాలా స్పష్టంగా కనిపిస్తాయి. సన్‌బర్స్ట్ స్ట్రాటోకాస్టర్‌లో పసుపు రంగు ఉన్న మధ్యభాగంలో కొంత కనిపిస్తాయి. పూర్తిగా రంగు కప్పేసిన గిటార్లలో మాత్రం రంగు ఊడిన చోట్లను, ఫింగర్‌బోర్డ్‌ను (నెక్‌పై వేళ్లు ఆనే పలక), దానిలోని చుక్కలు పొదిగిన తీరును నమ్ముకోవాలి. జాన్ లెన్నన్ 1962లో కొన్న గిబ్సన్ జె-160ఇ (ఇది పికప్ అమర్చిన అకౌస్టిక్ గిటార్) 1963 చివరిలో కనబడకుండా పోయి, దశాబ్దాల పాటు కాలిఫోర్నియాలో ఒక సామాన్యుడి ఇంట్లో ఉండిపోయింది. బీటిల్స్ పాత ఫోటోల్లోని చెక్క రేఖలతో, గీతలతో పోల్చి చూసిన తరువాతే అది లెన్నన్‌దని తేలింది. 2015లో 24 లక్షల డాలర్లకు పైగా పలికింది. కెనడా కళాకారుడు రాండీ బాక్‌మన్ దగ్గర 1976లో దొంగలు ఎత్తుకుపోయిన 1957 నాటి గ్రెచ్ గిటార్ కథ ఇంకా విచిత్రమైనది. ముఖాలను గుర్తుపట్టే సాఫ్ట్‌వేర్‌ను గిటార్ ఫోటోలకు వాడి, చెక్కలోని ముడి ఆధారంగా ఒక అభిమాని దాన్ని జపాన్‌లో కనిపెట్టాడు. 2022 జూలై 1న టోక్యోలో, అదే నమూనాకు చెందిన మరో గ్రెచ్‌ను బదులుగా ఇచ్చి బాక్‌మన్ తన గిటార్‌ను తిరిగి అందుకున్నాడు.

పోల్చేటప్పుడు గిటార్‌పై కదలని బిందువులను కొన్నింటిని ఎంచుకోవాలి. బ్రిడ్జ్‌ను (బాడీపై తీగలు ఆనే భాగం) బిగించిన మరలు, వాల్యూమ్ నాబ్ మధ్యభాగం, బాడీ కొమ్ముల చివరలు ఇందుకు బాగా పనికివస్తాయి. ఏ రేఖ ఏ మరకు ఎంత ఎడంగా వెళుతున్నదో, ఎక్కడ వంపు తిరుగుతున్నదో పాత ఫోటోలో ముందు రాసుకుని, ఆ తరువాతే ఇప్పటి గిటార్‌ను చూడాలి. ఇప్పటి ఫోటోను పాత ఫోటో తీసిన కోణంలోనే, దాదాపు అంతే దూరం నుంచి తీయమని అమ్మేవారిని అడగాలి; దగ్గరి నుంచి తీసిన ఫోటోలో బాడీ అంచులు వంగినట్టు కనిపించి లేని తేడాలను పుట్టిస్తాయి. పాత పత్రికల్లో ఫోటోలను కుడి ఎడమలు తారుమారు చేసి అచ్చువేయడం కొత్తేమీ కాదు కనుక, హెడ్‌స్టాక్‌పై (నెక్ పైకొస) అక్షరాలు తిన్నగా ఉన్నాయో లేదో ప్రతిసారీ చూసుకోవాలి.

ఇక్కడ పాటించవలసిన నియమాలు రెండు. రంగు ఊడిన చోటు కాలంతో పాటు పెరుగుతుంది గానీ తగ్గదు. 1972 ఫోటోలో ఉన్న పెచ్చు 1975 ఫోటోలో లేకపోతే, మధ్యలో మళ్లీ రంగు వేసి అయినా ఉండాలి, లేదా అవి రెండు వేర్వేరు గిటార్లైనా అయి ఉండాలి. రెండవది, పోలికల కన్నా ముందు తేడాలను వెతకాలి. పది పోలికలు ఉన్నా, కారణం చెప్పలేని తేడా ఒక్కటి మిగిలితే ఆ పది పోలికలూ వీగిపోతాయి. ఈ దశలో ఉత్సాహాన్ని అదుపులో పెట్టుకోలేనివారు ఈ పనిని మరొకరికి అప్పగించడమే మేలని నా అభిప్రాయం.

అరుగుదలను చదవడం

గిటార్‌పై అరుగుదల వాయించినవారి శరీరాన్ని అనుసరించి ఏర్పడుతుంది. ముంజేయి ఆనే చోట పై అంచు, బెల్టు బకిల్ తగిలే చోట వెనుకభాగం, పిక్ తగిలే చోట పిక్‌గార్డ్ అరుగుతాయి. జిమీ హెండ్రిక్స్ ఎడమచేతి వాటం కలవాడై, కుడిచేతివారి కోసం చేసిన స్ట్రాటోకాస్టర్‌ను తిరగేసి, తీగల వరుస మార్చి వాయించేవాడు. కనుక ఆయన చాలాకాలం వాయించినదని చెప్పే గిటార్‌లో పట్టీ తగిలించే గుండీకి పొట్టి కొమ్ముపై రంధ్రం ఉండాలి, నట్‌లోని (నెక్ పైకొసన తీగలు ఆనే చిన్న పట్టీ) గాడులు తారుమారై ఉండాలి, ముంజేతి అరుగుదల మామూలుగా కనిపించే అంచుకు ఎదుటి అంచున ఉండాలి. ఇవి ఏవీ లేకుండా హెండ్రిక్స్ పేరు మాత్రమే ఉంటే సంభాషణను అక్కడితో ముగించవచ్చు. అలాగే బ్లాకీ హెడ్‌స్టాక్‌పై, తీగల చివరలకు గుచ్చి ఉంచిన సిగరెట్లు కాల్చిన మచ్చలు ఉన్నాయి. గాలగర్ గిటార్‌లో ట్యూనర్లు (తీగలను బిగించే చెవులు) ఐదు ఒక కంపెనీవి, ఒకటి మరో కంపెనీది, ఫింగర్‌బోర్డ్‌పై చుక్కల్లో ఒకటి తరువాత పెట్టిన తెల్ల ప్లాస్టిక్ ముక్క. ఎవరూ అలంకారం కోసం చేయని ఇలాంటి చిల్లర వివరాలే అసలైన గుర్తులు.

అయితే ఒక హెచ్చరిక అవసరం. అరుగుదలను అచ్చుగుద్దినట్టు దించే పరిశ్రమ 1990ల నుంచి ఉంది. ఫెండర్ కస్టమ్ షాప్ గాలగర్ గిటార్‌కూ, గిల్మర్ గిటార్‌కూ ప్రతిరూపాలు చేసి అమ్మింది. 2006లో బ్లాకీకి 275 ప్రతిరూపాలను సిగరెట్ మచ్చలతో సహా తయారుచేసింది. అవి దొంగసరుకు కాదు, ప్రతిరూపాలని చెప్పే అమ్మారు. కానీ పత్రాలు పోగొట్టుకుని రెండు మూడు చేతులు మారిన తరువాత అవే మోసానికి పనికివస్తాయి. అరుగుదలను మనిషి దించగలడు, చెక్క రేఖలను దించలేడు. అందుకే ఈ రెండూ కలిసి సరిపోతేనే రెండవ వాదన నిలబడుతుంది.

విప్పి చూడటం

ఇప్పుడు మొదటి వాదనకు వద్దాం. గిటార్ యజమాని అనుమతితో, అనుభవం ఉన్న గిటార్ రిపేరు పనివాడి సమక్షంలో మాత్రమే గిటార్‌ను విప్పాలి. తీగలను ఒక్కసారిగా కోయకుండా నెమ్మదిగా వదులు చేసి, మర తలకు సరిగ్గా సరిపోయే స్క్రూడ్రైవర్‌తో తీయాలి. నెక్‌ను బాడీకి బిగించే మరలను తీసిన ప్రతిసారీ చెక్కలోని రంధ్రం కొద్దిగా అరుగుతుంది కనుక, అవసరం లేని విప్పుడు గిటార్‌కు హాని. టంకాన్ని ఎట్టి పరిస్థితుల్లోనూ ముట్టుకోకూడదు. అరవై ఏళ్ల నాటి తాకని టంకం మళ్లీ రాదు.

ఫెండర్ గిటార్లలో సీరియల్ నంబర్ మీద అతిగా ఆధారపడేవారు మోసపోతారు. 1950ల మధ్య నుంచి 1976 వరకు ఆ నంబర్ నెక్ వెనుక మరలతో బిగించిన లోహపు ప్లేటుపై ఉండేది. ఆ ప్లేటును అయిదు నిమిషాల్లో మరో గిటార్‌కు మార్చవచ్చు. పైగా ఫ్యాక్టరీలో ప్లేట్లను డబ్బాలోంచి చేతికందినట్టు తీసి బిగించేవారు కనుక నంబర్ల వరుస కూడా తేదీల వరుసను పూర్తిగా అనుసరించదు. అంతకన్నా నమ్మదగినది నెక్ చివర, బాడీలో దాగే భాగంపై ఉండే తేదీ. 1962 తొలి నెలల వరకు దాన్ని పెన్సిల్‌తో రాసేవారు, ఆ తరువాత రబ్బరు ముద్ర వేయడం మొదలుపెట్టారు. ఆ ముద్ర చివర ఉండే ఎ, బి, సి, డి అక్షరాలు నెక్ లావును సూచిస్తాయని చాలామంది చెబుతారు, అది తప్పు. అవి నట్ వద్ద వెడల్పును సూచిస్తాయి.

పిక్‌గార్డ్ ఎత్తితే పాట్‌ల (వాల్యూమ్, టోన్ నాబ్‌ల కింద ఉండే పొటెన్షియోమీటర్లు) మీద అంకెలు కనిపిస్తాయి. మొదటి మూడంకెలు తయారీదారుకు గుర్తు: 137 అంటే సీటీఎస్, 304 అంటే స్టాక్‌పోల్. ఆ తరువాతివి సంవత్సరం, వారం. ఉదాహరణకు 304 తరువాత 6320 అని ఉంటే 1963లో 20వ వారం అని అర్థం. ఈ అంకెలు చెప్పేది ఒక్కటే: గిటార్ ఆ వారం కన్నా ముందు తయారై ఉండదని. ఎంత తరువాత తయారైందో అవి చెప్పలేవు. 1965 జనవరిలో ఫెండర్‌ను అమెరికా ప్రసార సంస్థ సీబీఎస్ కొన్న తరువాత పాట్‌లను పెద్ద మొత్తంలో కొని నిల్వ చేయడం వల్ల, 1966 నాటి పాట్‌లు ఆ దశాబ్దం చివరి వరకు తయారైన గిటార్లలోనూ కనిపిస్తాయి. నెక్ తేదీ, పాట్ అంకెలు, పికప్ అడుగు రంగు (1964 వరకు నలుపు, ఆ తరువాత కొన్నేళ్లు బూడిద రంగు), హెడ్‌స్టాక్ పరిమాణం, లోగో ఆకారం అన్నీ కలిసి ఒక కాలాన్ని చూపాలి. కలవకపోతే ఏ భాగం మారిందో గుర్తించి, మళ్లీ ఫోటోల వరుసకు వెళ్లి అక్కడ జవాబు వెతకాలి. గాలగర్ గిటార్ లాంటివాటి పరీక్షలో ఎక్కువ సమయం పోయేది ఈ రాకపోకలకే.

పికప్‌ల నిరోధాన్ని మల్టీమీటర్‌తో కొలవడం తీగ తెగిందో లేదో, చుట్టు మార్చారో లేదో తెలుసుకునేందుకు ఉపయోగపడుతుంది. కానీ రాగి తీగ నిరోధం ఉష్ణోగ్రతతో పాటు, ప్రతి డిగ్రీ సెల్సియస్‌కు దాదాపు 0.4 శాతం చొప్పున పెరుగుతుంది. లండన్‌లో 20 డిగ్రీల వద్ద 6.0 కిలో ఓములు చూపిన పికప్, మే నెలలో విజయవాడలో 40 డిగ్రీల గదిలో దాదాపు 6.5 చూపిస్తుంది. వేలం పత్రంలో రాసిన అంకెకూ మీ మీటర్ అంకెకూ తేడా వచ్చిందని గొడవపడే ముందు గది ఉష్ణోగ్రతను చూసుకోవాలి.

రంగు పరీక్షకు చీకటి గదిలో అతినీలలోహిత టార్చ్ వాడాలి. పాతబడిన నైట్రోసెల్యులోజ్ లాకర్ (పాత గిటార్లపై ఉండే మెరుపు పూత) ఆ వెలుగులో ఆకుపచ్చ కలిసిన పసుపు వన్నెతో మెరుస్తుంది. తరువాత దిద్దిన చోట్లు వేరుగా, ఎక్కువగా నల్లని మచ్చల్లా కనిపిస్తాయి. హెడ్‌స్టాక్ విరిగి అతికిన గిబ్సన్ గిటార్లను పట్టుకోవడానికి ఇంతకన్నా సులువైన మార్గం లేదు.

శబ్దం సాక్ష్యమేనా?

కాదు, లేదా చాలా బలహీనమైన సాక్ష్యం. ఫ్లీట్‌వుడ్ మాక్ సంస్థాపకుడు పీటర్ గ్రీన్ వాయించిన 1959 లెస్ పాల్ ఇందుకు మంచి ఉదాహరణ. దానిలో నెక్ వైపు పికప్‌లోని అయస్కాంతం తిరగబడి ఉండటం వల్ల, స్విచ్‌ను మధ్యలో పెట్టినప్పుడు రెండు పికప్‌ల సంకేతాలు ఒకదానికొకటి వ్యతిరేక దశలో కలిసి, ముక్కుతో పలికినట్టుండే పలచని స్వరం వస్తుంది. ఆ స్వరం వల్లే అది 'గ్రీనీ' పేరుతో ప్రసిద్ధమై, గ్యారీ మూర్ చేతికి, ఆ తరువాత 2014లో మెటాలికాకు చెందిన కర్క్ హామెట్ చేతికి చేరింది. కానీ ఏ లెస్ పాల్‌లోనైనా పికప్ విప్పి అయస్కాంతాన్ని తిరగేస్తే అదే స్వరం వస్తుంది. గ్రీనీని గ్రీనీగా నిలబెట్టేది ఆ మేపుల్ రేఖలు, 9 2208 అనే నంబర్, ముగ్గురు ప్రసిద్ధుల మధ్య తెగని చరిత్ర.

కాగితాలు

తెగని చరిత్ర అంటే ఆ కళాకారుడి నుంచి ఇప్పటి అమ్మకందారు వరకు ప్రతి చేతిమార్పుకూ ఏదో ఒక పత్రం ఉండటం. దుకాణం బిల్లు, టెక్నీషియన్ రాసిన పని వివరం, బీమా జాబితా ఇందులోకి వస్తాయి. పర్యటనల్లో పరికరాలను దేశాలు దాటించేటప్పుడు కస్టమ్స్ కోసం తయారుచేసే ఏటీఏ కార్నెట్ జాబితాల్లో సీరియల్ నంబర్లు కూడా ఉంటాయి కనుక అవి దొరికితే అదృష్టమే. పిక్‌గార్డ్ మీది సంతకానికి నేను దాదాపు విలువ ఇవ్వను. అది ఆయన పెన్ను పట్టుకున్నాడని రుజువు చేస్తుంది, గిటార్ వాయించాడని కాదు. వేలం జాబితాలోని మాటలనూ నిదానంగా చదవాలి: 'ఆయన సంతకం చేసిన', 'ఆయన సొంతమైన', 'వేదికపై ఆయన వాయించిన' అనేవి మూడు వేర్వేరు హామీలు, మూడు వేర్వేరు ధరలు. పెట్టె మీద ముద్రించిన బృందం పేరు కూడా ఇలాంటిదే. పెట్టె ఒకరిది, గిటార్ ఒకరిది కావడానికి ఏ అడ్డంకీ లేదు.

చరిత్ర తెగిన చోట దొంగతనం దాగి ఉండవచ్చన్న సంగతి మరవకూడదు. 1972లో లండన్‌లో వ్యాన్ నుంచి దొంగిలించిన పాల్ మెకార్ట్నీ హాఫ్నర్ బేస్ గిటార్, యాభై ఏళ్ల తరువాత ఒక ఇంటి అటకపై దొరికి ఆయనకే తిరిగి చేరింది. అసలైన గిటార్ అని రుజువు కావడం, దాన్ని అమ్మే హక్కు ఉందని రుజువు కావడం ఒకటి కావు.

విదేశం నుంచి తెచ్చుకునేవారికి

హైదరాబాద్‌లోనో విశాఖపట్నంలోనో ఉండి అమెరికా, బ్రిటన్ వేలాల్లో కొనేవారు ఫింగర్‌బోర్డ్ చెక్క ఏదో ముందే అడగాలి. 1960ల మధ్య వరకు అమెరికాలో తయారైన చాలా గిటార్లకు బ్రెజిల్ రోజ్‌వుడ్ వాడారు. 1992 నుంచి అది, అంతరించే ప్రమాదమున్న జాతుల అంతర్జాతీయ వ్యాపారాన్ని నియంత్రించే సైటీస్ ఒప్పందపు మొదటి అనుబంధంలో ఉంది. తయారైన వాద్యాలకు ఇతర రోజ్‌వుడ్‌ల విషయంలో 2019లో ఇచ్చిన సడలింపు దీనికి వర్తించదు. అనుమతి పత్రాలు లేకుండా పంపిన గిటార్ కస్టమ్స్‌లో చిక్కుకుంటే, దాని చరిత్ర ఎంత గొప్పదైనా విడిపించడం కష్టం. పత్రాల బాధ్యత ఎవరిదో డబ్బు చెల్లించే ముందే రాతపూర్వకంగా తేల్చుకోవాలి.

గిటార్ ఇంటికి చేరాక మెరుగుపెట్టించడం, ఫ్రెట్లు (ఫింగర్‌బోర్డ్‌పై అడ్డంగా ఉండే లోహపు కడ్డీలు) మార్పించడం, తుప్పు గీయించడం చేయకూడదు. ఫోటోలతో పోల్చిన గుర్తుల్లో ఏది రేపు అవసరమవుతుందో ఇవాళ చెప్పలేం. గదిలో తేమ 40 నుంచి 55 శాతం మధ్య నిలిచేలా చూడాలి. రబ్బరు తొడుగు ఉన్న స్టాండ్‌పై ఎక్కువకాలం ఉంచితే నైట్రోసెల్యులోజ్ లాకర్ కరిగి అంటుకుంటుంది కనుక, గిటార్‌ను దాని పెట్టెలోనే ఉంచి, అప్పుడప్పుడు తెరిచి గాలి తగలనివ్వాలి. తీసిన కొలతలు, చెక్క రేఖల ఫోటోలు, విప్పినప్పుడు కనిపించిన తేదీలు తేదీ వేసి రెండు ప్రతులుగా రాసి, ఒకటి పెట్టెలో, మరొకటి వేరే చోట భద్రపరచాలి.